పాత ఎఫ్‌సీ 150 పికప్‌కు డీజిల్ ఇంజన్ పెట్టమంటున్నారు, పెట్టాలా?

హాలియా_కాలువగట్టు
మా తాత ఒక ప్రభుత్వ శాఖ వేలంపాటలో కొన్న మహీంద్రా ఎఫ్‌సీ 150 పికప్ మా బత్తాయి తోట షెడ్డులో పడి ఉంది. ఆర్సీలో 1971 మోడల్ అని రాసి ఉంది. ముందు బానెట్ ఉండదు, డ్రైవరు ఇంజన్ పక్కనే కూర్చుంటాడు, వెనుక తొట్టి, ఆ బండి. నాన్న చాలా ఏండ్లు దాంట్లో యూరియా, డీఏపీ బస్తాలు తోలాడు. ట్రాలీ ఆటో వచ్చాక దీన్ని షెడ్డులోకి తోసేశారు, అంతే, మళ్ళీ బయటకు రాలేదు.
ఇప్పుడు హ్యాండిల్ వేస్తే ఇంజన్ కదలడం లేదు. బ్రేకు తొక్కితే పెడల్ నేలకు ఆనుతోంది. వైరింగ్ ఎలుకలు తిన్నాయి. తొట్టి అడుగు రేకు జల్లెడ అయింది, కింద నేల కనిపిస్తోంది. నల్గొండ నుంచి ఒక మేస్త్రీని తీసుకొచ్చి చూపిస్తే కవరు లేపి చూసి, "ఈ పెట్రోల్ ఇంజన్ తూకానికి అమ్మెయ్, ప్యూజో కంపెనీ డీజిల్ ఇంజన్ పెడతా, రంగు కొట్టిస్తా, అన్నీ కలిపి లక్షన్నర" అన్నాడు. అమ్మేమో ఆ డబ్బుతో ఇంకో బోరు వేయించమంటోంది. పాత ఇనుము ఆయన రెండుసార్లు ఫోన్ చేశాడు. ఇట్లాంటి బండి మీద చెయ్యి పెట్టినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

పాలమూరు_పోరడు
ఫోటోలు పెట్టకుండా అడిగితే ఎట్లా అన్నా. ముందు ఆ ముఖం చూపించు.

మిర్యాల_మిల్లు
మేస్త్రీ చెప్పింది కరెక్టే. ఆ పెట్రోల్ ఇంజన్‌కు లీటరుకు ఏడెనిమిది కిలోమీటర్లు వస్తే గొప్ప. ఈ రేట్లకు పెట్రోల్ పోసి ఎవడు తిప్పుతాడు? నా దగ్గర మహీంద్రా ఎంఎం 540 జీపు నుంచి దింపిన ప్యూజో ఎక్స్‌డీపీ డీజిల్ ఇంజన్ ఉంది, మంచి కండిషన్. కావాలంటే చెప్పు.

నారాయణపేట_నాలుగుచక్రాలు
ఆగు తమ్మీ, ఇంజన్ అమ్మేవాడి సలహా కాసేపు పక్కన పెట్టు.
నీ బండిలో ఉన్నది విల్లీస్ హరికేన్ ఇంజన్. 2199 సీసీ, నాలుగు సిలిండర్లు. ఇన్లెట్ వాల్వులు పైన హెడ్‌లో, అంటే ఇంజన్ పై మూతలో ఉంటాయి, ఎగ్జాస్ట్ వాల్వులు కింద సిలిండర్లు ఉండే బ్లాకులోనే ఉంటాయి. ఈ సంగతి తెలియని మేస్త్రీలు హెడ్ విప్పి సగం వాల్వులు ఎక్కడున్నాయని వెతుక్కుంటారు. ఇన్నేండ్లు నిలబడ్డ బండిలో పిస్టన్లే పట్టేశాయని అనుకోవద్దు, కింది ఎగ్జాస్ట్ వాల్వులు కూడా పట్టేస్తాయి. తుప్పు పట్టి గైడులో, అంటే వాల్వు కాడ ఆడే గొట్టంలో ఇరుక్కుంటాయి.
స్పార్క్ ప్లగ్గులు నాలుగూ విప్పు. ఒక్కో రంధ్రంలో డీజిల్, ఆటోమేటిక్ గేర్ల ఆయిల్ సగం సగం కలిపి పోసి వారం వదిలెయ్. తర్వాత న్యూట్రల్‌లో పెట్టి హ్యాండిల్‌తో మెల్లగా కొద్దికొద్దిగా ఆడించు. బలం చూపించొద్దు, ట్రాక్టర్‌తో లాగించొద్దు. గేర్‌లో వేసి లాగితే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది, అప్పుడు నిజంగానే తూకానికి పోతుంది.

పాలమూరు_పోరడు
లాగించొద్దు అన్నారంటే ఇప్పటికే లాగించి ఉంటాడు, పందెం.

హాలియా_కాలువగట్టు
లాగించలేదు. నాన్న ట్రాక్టర్ తాళం తీసినాడు గానీ నేనే ఆపిన.
ఫోటోలు పెట్టాను. డ్యాష్‌బోర్డు మీద ఉన్నది కందిరీగల గూడు, మీటరు కాదు.

దేవరకొండ_డ్రైవర్
సైలెన్సర్ గొట్టంలో, ట్యాంకు మూత రంధ్రంలో కూడా చూడు. కందిరీగలు మట్టితో మూసేస్తాయి. ట్యాంకుకు గాలి ఆడకపోతే బండి పది నిమిషాలు నడిచి ఆగిపోతుంది, నువ్వు కార్బురేటర్ విప్పుకుంటూ కూర్చుంటావు.

లేత్_బాబాయ్
సూర్యాపేటలో మాది లేత్ షెడ్డు. ఈ ఇంజన్లు సిలిండర్ బోరింగ్‌కు వచ్చేవి, ఇప్పుడు ఎప్పుడో ఒకటి. హెడ్ దింపిన తర్వాత బ్లాకులో ఎగ్జాస్ట్ సీట్లు, అంటే వాల్వు వచ్చి ఆనుకునే అంచులు, చూపించుకో. ఆ రోజుల్లో పెట్రోల్‌లో సీసం ఉండేది, అది సీటు మీద పొరలా పట్టి అరుగుదల ఆపేది. 2000 నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలే కదా, మెత్తటి సీటు ఉంటే వాల్వు లోపలికి దిగుతూ పోతుంది. గట్టి సీట్లు కొట్టిస్తే జీవితాంతం మళ్ళీ ముట్టుకోనక్కర్లేదు. వాల్వు గ్యాపు ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు పెట్టాలి, ఇన్లెట్ 18 థౌ, ఎగ్జాస్ట్ 16 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు). లారీ మేస్త్రీ చేతికిస్తే అన్నిటికీ ఒకటే గేజి పెట్టేస్తాడు.

మిర్యాల_మిల్లు
ఇదంతా చేయించే ఖర్చుకు రెండు డీజిల్ ఇంజన్లు వస్తాయి. నేను తప్పు చెప్పానా?

లేత్_బాబాయ్
రావు. మౌంటింగులు మార్చాలి, ఇంజన్‌ను గేర్ బాక్సుకు కలిపే బెల్ హౌసింగ్ కలవదు, రేడియేటర్ చాలదు, సైలెన్సర్ లైను కొత్తది. ఇంజన్ రేటు ఒక్కటే చెప్పి మిగతావి తర్వాత చెప్తారు మీ వాళ్ళు.

నారాయణపేట_నాలుగుచక్రాలు
పైగా ఇది మామూలు జీపు కాదు. ఇంజన్ రెండు సీట్ల మధ్య కూర్చుంటుంది. డీజిల్ ఇంజన్ పెట్టిన ఒక ఎఫ్‌సీని నేను దగ్గరగా చూశాను. పైన కవరు మూత పడక రేకు కోసి ఎత్తు పెంచారు, ఆ సందులోంచి వేడి, పొగ క్యాబిన్‌లోకే. మే నెలలో మన ఎండకు డ్రైవరు ఎడమ కాలికి గోనెసంచి తడిపి చుట్టుకునేవాడు. పెట్రోల్ ఇంజన్‌కే వేడి ఉంటుంది, దానికి డీజిల్ అదురు కూడా కలిపితే ఆ క్యాబిన్ రేకులు అతుకుల దగ్గర చీలడం మొదలవుతుంది.

చౌటుప్పల్_చార్జర్
బ్యాటరీ, మోటారు పెట్టించెయ్. వాల్వు గోల లేదు, వేడి లేదు, పెట్రోల్ లేదు 😀

పాలమూరు_పోరడు
తోటలో కరెంటు ఎప్పుడొస్తుందో మోటారుకే తెలియదు, ఇంక బండికి ఏం తెలుస్తుంది.

ఫారం_31
ఇంజన్ గురించి ఇంత లొల్లి చేస్తున్నారు, కాగితాల గురించి ఒక్కరూ అడగలేదు. ఆర్సీ ఎవరి పేరు మీద ఉంది? ఎప్పటిదాకా వాలిడ్?

హాలియా_కాలువగట్టు
తాత పేరు మీదే ఉంది. ఆయన పోయి చాలా కాలమైంది. రెన్యువల్ అయిపోయింది, ఎప్పుడో సరిగ్గా గుర్తులేదు, పుస్తకం చూసి చెప్తా. అసలు ఆర్సీ పుస్తకం ఉంది, అట్ట చిరిగింది గానీ నంబర్లు చదవొచ్చు.

ఫారం_31
పుస్తకం ఉందంటే సగం గెలిచావు. ఇప్పుడు జర ఓపికగా చదువు.
యజమాని చనిపోతే వారసుల పేరు మీదికి మార్చేది ఫారం 31. చట్టం ప్రకారం ముప్పై రోజుల్లో చెప్పాలి, మూడు నెలల్లో అప్లై చేయాలి. ఆలస్యం అయినందుకు ఫైన్ పడుతుంది, భయపడాల్సింది ఏమీ లేదు. మరణ ధ్రువపత్రం, వారసుల సర్టిఫికెట్, మిగతా వారసుల నుంచి అభ్యంతరం లేదన్న కాగితం రెడీ చేసుకో. మీ మేనత్తలు ఉంటే వాళ్ళ సంతకాలు కూడా. బండి రిపేరు కంటే ఇదే ఎక్కువ టైం తీసుకుంటుంది, అనుభవంతో చెప్తున్నా.
రెండోది. 2021 జూలైలో కేంద్రం వింటేజ్ బండ్లకు విడిగా రూల్స్ తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ తేదీ నుంచి 50 ఏండ్లు దాటిన సొంత వాడకపు టూవీలర్లు, ఫోర్‌వీలర్లకు. నంబరులో వీఏ అని వస్తుంది. కొత్తగా రిజిస్ట్రేషన్ అయితే ఫీజు 20 వేలు, పదేండ్లు చెల్లుతుంది, తర్వాత మళ్ళీ చేయించుకుంటే 5 వేలు. నీది 1971 కాబట్టి వయసు సరిపోయింది, పికప్ దీని కిందికి వస్తుందో లేదో మాత్రం ఆర్టీవో ఆఫీసులో అడుగు. మీ తాత వేలంలో కొన్న తేదీ కాదు, శాఖ వాళ్ళు మొదట రిజిస్టర్ చేసిన తేదీ లెక్క. అది పుస్తకంలో వెతుకు.
కానీ ఆ రూల్‌లో బండి అసలు రూపంలో ఉండాలి. చాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మార్చి ఉండకూడదు. డీజిల్ ఇంజన్ పెట్టిన రోజు ఆ దారి మూసుకుపోతుంది. మామూలు ఆర్సీ మీద నడపాలన్నా ఇంజన్ మార్పుకు సెక్షన్ 52 కింద ముందే పర్మిషన్ తీసుకుని ఆర్సీలో ఎక్కించాలి. మేస్త్రీ చెప్పాడా ఈ మాట?

హాలియా_కాలువగట్టు
చెప్పలేదు. "కాగితాలు నేను చూసుకుంటా" అన్నాడు.

దేవరకొండ_డ్రైవర్
ఆ మాట విన్నప్పుడల్లా జేబు గట్టిగా పట్టుకోవాలె.

మిర్యాల_మిల్లు
సరే, ఇప్పుడు నా ప్రశ్న. వీఏ నంబరు తీసుకుంటే ఆ బండిని రోజూ తిప్పుకోవచ్చా?

ఫారం_31
తిప్పకూడదు. ప్రదర్శన, వింటేజ్ ర్యాలీ, పరిశోధన, పెట్రోల్ పోయించడం, రిపేరు, వీటికే రోడ్డు ఎక్కాలి. కిరాయికి, సరుకుకు అసలే కాదు.

మిర్యాల_మిల్లు
అద్గదీ. పికప్ అంటే బరువు మోయడానికి. బత్తాయి మార్కెట్‌కు వేయలేని పికప్‌కు లక్షలు పెట్టి షెడ్డులో దండలు వేసుకుంటారా? హాలియా తమ్ముడు ఏం పని కోసం బాగుచేయిస్తున్నాడో అదే తేల్చుకోలేదు. ముందు అది తేల్చుకో, తర్వాత నన్ను తిట్టండి.

నారాయణపేట_నాలుగుచక్రాలు
ఈ ఒక్క మాట మాత్రం మిల్లు అన్న సరిగ్గా చెప్పాడు.

ఫారం_31
నాదీ అదే మాట. సరుకు తోలాలంటే గూడ్స్ బండి కింద ఫిట్‌నెస్ ఉండాలి. ఎనిమిదేండ్లు దాటిన ట్రాన్స్‌పోర్ట్ బండికి ప్రతి ఏడూ ఫిట్‌నెస్, ఫీజులు కూడా పాత బండ్లకు బాగా పెంచారు. 1971 బండిని ప్రతి ఏడూ ట్రాక్ మీదికి తీసుకుపోయి నిలబెట్టడం నీకే కష్టం. సొంత తోట లోపల తిప్పుకుంటే ఎవరూ అడగరు, రోడ్డు ఎక్కినప్పుడే ఇదంతా.

హాలియా_కాలువగట్టు
మార్కెట్‌కు ట్రాలీ ఆటో ఉంది, అది చాలు. నాకు నిజంగా కావాల్సింది ఇది మళ్ళీ స్టార్ట్ అయి ఊర్లో నుంచి నాగార్జున సాగర్ దాకా పోయి రావడం. నాన్నకు కూడా లోపల అదే ఉంది, బయటకు మాత్రం "అమ్మెయ్ తూకానికి" అంటాడు.

పాలమూరు_పోరడు
అయితే పెట్రోలే. తీర్పు వచ్చేసింది.

నారాయణపేట_నాలుగుచక్రాలు
అయితే ఇంజన్ కంటే ముందు బ్రేకులు పట్టుకో. ఆ కాలం బండ్లకు మాస్టర్ సిలిండర్‌లో ఒకటే లైను. ఎక్కడ ఒక వీల్ సిలిండర్ కారినా నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది. ఇప్పటి బండ్లలా ముందుది పోతే వెనుకది పట్టడం ఉండదు. మాస్టర్ సిలిండర్‌తో పాటు నాలుగు వీల్ సిలిండర్లూ విప్పి, లోపల గుంటలు పడితే స్లీవ్ వేయించి, కొత్త రబ్బరు కిట్లు వెయ్. హోస్ పైపులు చూడ్డానికి బాగున్నా మార్చు, లోపల ఉబ్బి ఉంటాయి. హ్యాండ్ బ్రేకు చక్రాలకు కాదు, గేర్ బాక్సు వెనుక ప్రొపెల్లర్ షాఫ్టుకు పడుతుంది, అది కూడా పట్టేలా చేయించుకో, నీ రెండో ఆధారం అదే.

లేత్_బాబాయ్
లైన్లకు రాగి పైపు వేస్తే తేలికగా వంగుతుంది, మా దగ్గర అదే వేస్తాం.

నారాయణపేట_నాలుగుచక్రాలు
బాబాయ్, డీజిల్ లైనుకు వెయ్, బ్రేకుకు వద్దు. ఒట్టి రాగి అదురుకు గట్టిపడి, పైపు చివర వెడల్పు చేసిన ఫ్లేర్ దగ్గర పగులుతుంది. స్టీలు పైపు గానీ, రాగి నికెల్ కలిసిన పైపు గానీ వెయ్యాలి.

లేత్_బాబాయ్
పగిలినవి చూడలేదు గానీ, ఒకటే లైను బండి కదా, స్టీలే వేయించు తమ్మీ. వాదన దేనికి.

చౌటుప్పల్_చార్జర్
ఈసారి సీరియస్‌గా. ఇప్పుడు బంకుల్లో దొరికేదంతా 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. 1971 రబ్బరుకు అది విషం. ఫ్యూయెల్ పంపులో డయాఫ్రం, కార్బురేటర్ వాషర్లు, పైపులు అన్నీ మెత్తబడతాయి. పెట్రోల్ పైపులు వైటాన్ రకం, అంటే ఇథనాల్‌ను తట్టుకునే రబ్బరువి, అడిగి తీసుకో. ఇథనాల్ గాలిలోని తేమ కూడా లాక్కుంటుంది, ఎక్కువ రోజులు నిలబెడితే నీళ్ళు ట్యాంకు అడుగుకు చేరి లోపల తుప్పు. షెడ్డులో పెట్టేముందు పెట్రోల్ కాక్ మూసి, ఇంజన్ దానంతట అది ఆగేదాకా నడవనిస్తే కార్బురేటర్ ఖాళీ అవుతుంది.

దేవరకొండ_డ్రైవర్
చార్జర్ అన్న పెట్రోల్ గురించి చెప్తుంటే వినడం బాగుంది.
ట్యాంకుకు వెల్డింగ్ ఉంటే, ఖాళీగా ఉంది కదా అని మంట దగ్గర పెట్టనియ్యకు. ఖాళీ ట్యాంకులో ఉండే ఆవిరే పేలేది. కడిగించి, అతుకు వేసే చోటు దాకా నీళ్ళు నింపి అప్పుడు చేయించు.

హాలియా_కాలువగట్టు
రేడియేటర్ విప్పించాను. పై ట్యాంకు తెరిస్తే లోపల గొట్టాల నోళ్ళు తెల్లగా సున్నంతో మూసుకుపోయి ఉన్నాయి, స్క్రూ డ్రైవర్‌తో గీకితే పెంకులు పెంకులుగా రాలింది. అన్నీ బోరు నీళ్ళే పోసేవాళ్ళం.

పాలమూరు_పోరడు
మీ నల్గొండ నీళ్ళు మనుషుల ఎముకలనే వదల్లేదు, రేడియేటర్‌ను వదులుతాయా. అంతా ఫ్లోరైడ్.

మర్రిగూడ_మాస్టారు
ఫ్లోరైడ్‌కు దీనికి సంబంధం లేదు నాయనా. మా మండలంలో పుట్టిన ప్రతి కష్టాన్నీ ఫ్లోరైడ్ ఖాతాలో వేస్తారు. ఆ తెల్లది నీటి కాఠిన్యం, కాల్షియం, మెగ్నీషియం లవణాలు. కాగితే అడుగున పేరుకుంటాయి, టీ గిన్నెలో చూడలేదా? పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తగ్గించే నల్గొండ పద్ధతి ఉంది కదా, దాంతో శుద్ధి చేసిన నీళ్ళు కూడా రేడియేటర్‌కు పనికిరావు. బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ కలిపి పోయండి. దారిలో తప్పనిసరై బోరు నీళ్ళు పోస్తే ఇంటికి వచ్చాక దింపేయండి.

పాలమూరు_పోరడు
సరే సార్, హోంవర్క్ రాసుకుంటున్న.

లేత్_బాబాయ్
రేడియేటర్ ఒక్కటే కడిగిస్తే చాలదు, బ్లాకులో నీటి దారులు కూడా అట్లనే ఉంటాయి. పక్కన ఉండే గుండ్రటి ప్లగ్గులు కొట్టి తీసి కడిగించు. వెనుక సిలిండర్ దగ్గర బురద గట్టిపడుతుంది, వేడంతా అక్కడే మొదలవుతుంది.

దేవరకొండ_డ్రైవర్
టైర్ల సంగతి. 6.00-16 సైజు అయితే ట్రాక్టర్ ముందు చక్రాల సైజు కూడా అదే, ఊర్లో ఎవరో ఒకరు "నా దగ్గర కొత్తవి ఉన్నాయి" అంటారు. రిమ్ముకు ఎక్కుతాయి కూడా. కానీ అవి పొలంలో తిరిగేవి, నలభై దాటితే పనికిరావు, తడి రోడ్డు మీద బ్రేకు కొడితే జారతాయి. జీపు టైర్లే అడిగి తీసుకో.

హాలియా_కాలువగట్టు
తొట్టి రేకు ఏం చేయాలి? క్యాబిన్ బాగానే ఉంది, తొట్టే పోయింది.

నారాయణపేట_నాలుగుచక్రాలు
మన దగ్గర గాలిలో తేమ తక్కువ, బండ్లు అంత తొందరగా తుప్పు పట్టవు. నీ తొట్టిని తిన్నది ఎరువు. బస్తాలోంచి రాలిన యూరియా, డీఏపీ మూలల్లో చేరి తేమ పీలుస్తూ రేకును తింటుంది. పుట్టీ పూసి రంగు కొట్టేవాడి దగ్గరికి పోకు, సంక్రాంతికి కొట్టిస్తే ఉగాదికి బొబ్బలు లేస్తాయి. పోయినంత మేర కోసి అదే మందం రేకు వేయించు, అసలు గాడులు అట్లనే కొట్టించు. చాసిస్ మీద తొట్టి కూర్చునే చోట్లు గీకి చూడు, అక్కడ పోతే అసలు ఖర్చు అక్కడే. రంగు చివరికి.

హాలియా_కాలువగట్టు
డీజిల్, ఆయిల్ కలిపి పోసి వదిలిన తర్వాత ఈరోజు హ్యాండిల్ కదిలింది! ముందు కాసింత, తర్వాత పూర్తి చుట్టు. ఒక ఎగ్జాస్ట్ వాల్వు మాత్రం లేచి కిందికి దిగడం లేదు. నాన్న పక్కన నిలబడి "నేను చెప్పలే" అంటున్నాడు. ఆయన ఏం చెప్పాడో మాకెవరికీ గుర్తులేదు.

నారాయణపేట_నాలుగుచక్రాలు
మస్తు! వాల్వును సుత్తితో కొట్టకు, కిరోసిన్ పోస్తూ ఆడిస్తూ ఉండు, లేకపోతే హెడ్ ఎట్లాగూ దింపుతావు కదా, అప్పుడు బాబాయ్ చూసుకుంటాడు.
స్టార్ట్ చేసే రోజు ఒకటి గుర్తుంచుకో. హ్యాండిల్ పట్టుకునేటప్పుడు బొటనవేలు మిగతా వేళ్ళ వైపే ఉంచు, చుట్టూ తిప్పి పట్టుకోకు. కింది నుంచి పైకే లాగు. స్పార్క్ టైమింగ్ ముందుకు ఉంటే ఇంజన్ వెనక్కి తన్నుతుంది, ఆ తన్నుకు మణికట్టు విరిగినవాళ్ళు ఉన్నారు. ఫైరింగ్ ఆర్డరు, అంటే సిలిండర్లు మండే వరుస, 1-3-4-2, ప్లగ్గు వైర్లు ఎలుకలు తిన్నాయన్నావు కాబట్టి చెప్తున్నా.

లేత్_బాబాయ్
బ్లాకు, హెడ్ తీసుకొని రా. ఫోన్ చేసి రా, పెళ్ళిళ్ళ సీజన్‌లో మనుషులు దొరకరు.

హాలియా_కాలువగట్టు
సామాన్లకు హైదరాబాద్ రాణిగంజ్ పోవాలా, విజయవాడ ఆటోనగర్ పోవాలా?

దేవరకొండ_డ్రైవర్
సూర్యాపేట ఎట్లాగూ పోతున్నావు, అక్కడి నుంచి 65 నంబరు హైవే మీద అటైనా ఇటైనా ఒకటే రోడ్డు. రబ్బరు కిట్లు, పాయింట్లు, కండెన్సర్ రాణిగంజ్‌లో అడుగు. పాత బాడీ సామాను, హౌసింగులు ఆటోనగర్‌లో. పాత పీస్ చేతిలో పట్టుకొని పో, పేరు చెప్తే ఇంకోటి ఇస్తారు.

ఫారం_31
మేనత్తల సంతకాలు మర్చిపోకు.

హాలియా_కాలువగట్టు
పెద్ద మేనత్త పెట్టింది. చిన్న మేనత్త బండి తయారయ్యాక తననే మొదట ఎక్కించుకోవాలని కండిషన్ పెట్టింది, ఆమె పెళ్ళికి సామాను దీంట్లోనే పోయిందట.

మిర్యాల_మిల్లు
సరే, అందరూ కలిసి నా బేరం చెడగొట్టారు. ప్యూజో ఇంజన్ ఇంకా ఉంది, ఎవరికైనా కావాలా?

పాలమూరు_పోరడు
మా ఎంఎం 540కి హెడ్ పగిలింది. హెడ్ ఒక్కటే ఇస్తావా?

మిర్యాల_మిల్లు
హెడ్ ఒక్కటే ఇస్తే మిగతాది నేనేం చేసుకోవాలి? మొత్తం తీసుకుంటే లోడింగ్ కూలి నాది.

పాలమూరు_పోరడు
ప్రైవేట్ మెసేజ్‌లో రేటు చెప్పు. ఇక్కడ చెప్తే నారాయణపేట అన్న మళ్ళీ చెడగొడతాడు.